ఎకోలో రంధ్రం కనబడకపోయినా గుండె కుడివైపు పెరిగితే: కార్డియాక్ సీటీ ఎందుకు, ఎలా చేయించాలి

మీరు రాసిన వివరాలు క్లుప్తంగా ఇవీ. చిత్తూరులో ఉండే మీ అక్కకు నలభై ఒక్కేళ్లు. ఈ మధ్య అలిపిరి మెట్ల దారిలో గాలిగోపురం చేరకముందే ఆయాసంతో కూర్చుండిపోయారు. ఎకోలో గుండె కుడివైపు పై గది (కుడి కర్ణిక), కింది గది (కుడి జఠరిక) పెద్దవయ్యాయనీ, ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పుపుస ధమనిలో ఒత్తిడి కొద్దిగా ఎక్కువ ఉందనీ, రంధ్రమేదీ కనబడలేదనీ రాశారు. గుండె డాక్టరు కార్డియాక్ సీటీ చేయించుకొమ్మన్నారు. రంధ్రం లేదని తేలాక మళ్లీ సీటీ ఎందుకు, ఇది బ్లాకుల కోసం చేసే పరీక్ష కదా, డై మందు కిడ్నీలను దెబ్బతీయదా, నేరుగా యాంజియోగ్రామే చేయించుకుంటే పోదా అన్నవి మీ ప్రశ్నలు.

తిరుపతిలో రేడియాలజిస్టుగా గుండె సీటీలు చదవడం నా రోజువారీ పని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ముందుగా జవాబు: చేయించండి. మీ డాక్టరు సరైన పరీక్షే రాశారు. అయితే దేన్ని వెతకడానికి ఆ పరీక్ష చేస్తున్నారో ఆ సంగతి సీటీ గదిదాకా చేరాలి. అది చేరకపోతే మంచి యంత్రం మీద, మంచి టెక్నీషియన్ చేతిలో తీసిన సీటీ కూడా అసలు విషయాన్ని వదిలేసే అవకాశం ఉంది. ఎందుకో చెప్తాను.

గుండె కుడివైపు గదులు ఊరికే పెరగవు. వాటిలోకి రావలసినదానికంటే ఎక్కువ రక్తం వస్తూ ఉండాలి, లేదా ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెరిగి ఉండాలి, లేదా కుడివైపు కవాటానికో కండరానికో జబ్బు ఉండాలి. మీ అక్క విషయంలో ఒత్తిడి కొద్దిగానే పెరిగింది, గదులు మాత్రం బాగా పెరిగాయి. ఇలాంటప్పుడు మొదటి అనుమానం ఎక్కువ రక్తం వస్తోందనే. ఆ ఎక్కువ రక్తం ఏ దారిన వస్తోందో వెతకాలి.

రెండు కర్ణికల మధ్య గోడలో పుట్టుకతో వచ్చే రంధ్రాల్లో ఎక్కువ భాగం గోడ నడుమ ఉంటాయి. వాటిని ఎకో సులువుగానే పట్టుకుంటుంది. కానీ ఒక రకం రంధ్రం గోడ నడుమ ఉండదు. పై శరీరం నుంచి చెడు రక్తం తెచ్చే పై మహాసిర కుడి కర్ణికలో కలిసే చోట, వెనకవైపు, బాగా పైన ఉంటుంది. దాన్ని సైనస్ వీనోసస్ రంధ్రం అంటాం. కర్ణికల మధ్య రంధ్రాల్లో నూటికి ఐదు నుంచి పది దాకా ఈ రకమే. చిన్నపిల్లల ఛాతీ పలుచన కాబట్టి వాళ్లలో ఎకోకు అది కొంత తేలిగ్గా దొరుకుతుంది. పెద్దవాళ్లలో ఆ చోటు ఎకో ప్రోబుకు చాలా దూరం, మధ్యలో ఊపిరితిత్తి అడ్డం. ఛాతీ మీద ప్రోబు పెట్టి చేసే ఎకో ఎంత జాగ్రత్తగా చేసినా అక్కడిదాకా చూడలేకపోవచ్చు. కాబట్టి మీ రిపోర్టులో రంధ్రం కనబడలేదన్న వాక్యాన్ని రంధ్రం లేదని తీర్మానించినట్టు తీసుకోకండి. మీ డాక్టరు అలా తీసుకోలేదు, అది ఆయన అనుభవం.

ఈ రంధ్రంతో పాటు దాదాపు ఎప్పుడూ ఇంకొక తేడా ఉంటుంది. కుడి ఊపిరితిత్తి పైభాగం నుంచి శుభ్రమైన రక్తం తెచ్చే సిర ఎడమ కర్ణికకు చేరకుండా పై మహాసిరలో కలుస్తుంది. చేనుకు పారవలసిన నీరు కాలువ తిరిగి అదే చెరువులోకి మళ్లినట్టు, ఊపిరితిత్తుల్లో శుద్ధి అయిన రక్తమే మళ్లీ కుడివైపుకు వచ్చి, మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. కుడివైపు గదులు ఏళ్ల తరబడి ఈ అదనపు పని చేసి చేసి సాగిపోతాయి. కొందరిలో రంధ్రం లేకుండా ఇలా దారి తప్పిన సిర ఒక్కటే ఉంటుంది. ఎడమ ఊపిరితిత్తి సిర పైకి పోయి మెడ దగ్గరి పెద్ద సిరలో కలిసే రకం కూడా ఉంది.

నలభై ఏళ్ల దాకా ఇది బయటపడకుండా ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. ఉంటుంది. ఇందులో శరీరం నీలం రంగుకు తిరగదు, గుండె చప్పుడులో తేడా మెత్తగా ఉంటుంది. రక్తహీనత అనో, ఆస్తమా అనో, బరువు పెరగడం వల్లనో అనుకుని ఏళ్లు గడిచిపోతాయి. కాన్పులు కూడా అయిపోతాయి. ముఖ్యంగా ఆడవాళ్ల ఆయాసాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, వాళ్లూ చెప్పుకోరు. మెట్లెక్కుతూ కూర్చుండిపోయినందుకైనా మీరు ఎకో చేయించారు, మంచి పని చేశారు. కారణం తేలి, డాక్టరు సరే అనేదాకా మాత్రం అక్కను మెట్లెక్కనివ్వకండి. మొక్కు ఉంటే ఇప్పటికి బస్సులో కొండెక్కి దర్శనం చేసుకోమనండి.

ఇక సీటీ ఏం చేస్తుందో చూద్దాం. గుండె ఆగకుండా కదిలే అవయవం కాబట్టి మామూలు సీటీలో దాని అంచులు చెదిరిపోతాయి. కార్డియాక్ సీటీలో ఛాతీకి ఈసీజీ తీగలు అంటించి, ప్రతి స్పందనలో గుండె కదలిక తక్కువగా ఉండే క్షణాన్ని ఎంచుకుని బొమ్మ తీస్తారు. 64 స్లైసుల యంత్రాలు వచ్చాకే ఈ పని నమ్మకంగా సాధ్యమైంది. దాదాపు అర మిల్లీమీటరు మందంలో గుండెను పొరలు పొరలుగా చూపిస్తుంది, ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో తిప్పి చూసుకోవచ్చు. ఎముక గానీ ఊపిరితిత్తి గానీ దానికి అడ్డు కాదు. మీ అక్కలో ఎకో చూడలేకపోయిన మూల దీనికి బట్టబయలు.

అలాంటి బొమ్మల్లో నేను చూసేదేమిటో చెప్తాను. మెడ వైపు నుంచి కిందికి ఒక్కో పొర దిగుతూ పై మహాసిరను వెంబడిస్తాను. మామూలుగా అది ప్రతి పొరలో గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటుంది, చుట్టూ గోడ తెగకుండా ఉంటుంది. కుడి పుపుస ధమని దాని వెనక నుంచి దాటిపోయే చోటు వచ్చిందంటే నెమ్మదిస్తాను, ఎందుకంటే కథ అంతా అక్కడి నుంచి కింది రెండు మూడు సెంటీమీటర్లలోనే ఉంటుంది. దారి తప్పిన సిర ఉంటే ఆ గుండ్రటి ఆకారానికి కుడి పక్కన ఒక తోక మొలుస్తుంది. ఇంకో నాలుగైదు పొరలు దిగితే వెనక గోడ ఉండవలసిన చోట గోడ ఉండదు, ముందు వెనకల డై తెల్లదనం ఒకటిగా కలిసిపోయి ఉంటుంది. అదే రంధ్రం. సిరలు ఎన్ని, ఒక్కొక్కటి కర్ణికకు ఎంత ఎత్తులో కలుస్తున్నాయి అన్నది కొలిచి రాస్తాను. ఆపరేషన్ ఏ పద్ధతిలో చేయాలన్నది ఆ కొలతల మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు నేను మొదట చెప్పిన విషయానికి వస్తాను. మనవైపు చేసే కార్డియాక్ సీటీల్లో చాలా భాగం బ్లాకుల కోసమే. వాటిలో డై మందు ఎడమవైపు గదుల్లో, గుండె కండరానికి రక్తం ఇచ్చే కరోనరీ ధమనుల్లో నిండుగా ఉన్న క్షణంలో బొమ్మ తీస్తారు. వెనకే సెలైన్ ఎక్కించి కుడివైపును కావాలనే కడిగేస్తారు, అక్కడి తెల్లదనం కరోనరీలకు అడ్డు రాకుండా. పైగా బొమ్మ శ్వాసనాళం రెండుగా చీలే చోట మొదలై గుండె అడుగున ముగుస్తుంది, రేడియేషన్ తగ్గించడానికి. బ్లాకుల విషయంలో ఇదంతా సరైన పద్ధతే. మీ అక్క విషయంలో ఇదే పద్ధతిలో చేస్తే, చూడవలసిన కుడివైపు వెలవెలబోతుంది, ఇంకా పైన కలిసే సిర ఉంటే అది బొమ్మలోకే రాదు. రిపోర్టులో కరోనరీ ధమనులు బాగున్నాయని వస్తుంది. ఆ మాట నిజమే, కానీ మీ ప్రశ్నకు అది జవాబు కాదు.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. డై ఎక్కేది చేతి సిర నుంచి పై మహాసిరలోకే. చిక్కటి మందు అక్కడ నిండి ఉండగా బొమ్మ తీస్తే చుట్టూ తెల్లటి, నల్లటి చారలు పరుచుకుంటాయి. మనం చూడవలసిన మూల కచ్చితంగా ఆ చారల కిందే ఉంటుంది. అందుకే ఇలాంటి కేసుల్లో మందును సెలైన్‌తో కలిపి పలుచన చేసి ఎక్కిస్తాం, బొమ్మ తీయడాన్ని కొంచెం ఆలస్యం చేస్తాం, రెండు వైపులా మందు సమంగా ఉండేలా చూసుకుంటాం. పై హద్దును మెడ మొదలు దాకా పెంచుతాం. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు, ముందే తెలిస్తే ఐదు నిమిషాల పని. తెలియకపోతే పరీక్ష మళ్లీ చేయవలసి వస్తుంది.

కాబట్టి డాక్టరు రాసే చీటీలో 'కార్డియాక్ సీటీ' అన్న రెండు మాటలతో సరిపెట్టనివ్వకండి. కుడి గదులు పెరిగాయి, సైనస్ వీనోసస్ రంధ్రం గానీ దారి తప్పిన పుపుస సిర గానీ ఉన్నాయేమో చూడాలి అని రాయమని అడగండి. ఎకో రిపోర్టు అసలు కాగితం వెంట తీసుకెళ్లి, పరీక్షకు ముందే రేడియాలజిస్టుకు చూపించమనండి. రంధ్రం ఉందన్న అనుమానం ఉన్నప్పుడు టెక్నీషియన్‌కు కూడా ఆ మాట చెవిన వేయాలి. సూది గొట్టంలో మిగిలిపోయిన చిన్న గాలి బుడగ మామూలు మనిషిలో ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతుంది. రంధ్రం ఉన్నవాళ్లలో అది ఎడమవైపుకు దాటి మెదడుకు చేరే ప్రమాదం ఉంది. తెలిసిన టెక్నీషియన్ గొట్టాన్ని రెండోసారి కూడా చూసుకుని మరీ కలుపుతారు.

అక్క వయసు నలభై దాటింది కాబట్టి, ఆపరేషన్ అవసరమైతే సర్జన్లు కరోనరీలను కూడా చూడమంటారు. ముందే అనుకుంటే ఒకే పరీక్షలో రెండూ చూసేలా మందు ఎక్కించే పద్ధతిని కుదుర్చుకోవచ్చు. అదీ అడిగి ఉంచండి.

మీ భయాల సంగతి. పరీక్షకు ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు. కిడ్నీలు మామూలుగా పనిచేసేవాళ్లలో డై వల్ల హాని జరగడం అరుదు. మూత్రపిండాల వడపోత (ఇజీఎఫ్ఆర్) నిమిషానికి ముప్ఫై మిల్లీలీటర్ల కంటే తక్కువకు పడిపోయినవాళ్లలో మాత్రం ఆచితూచి నిర్ణయిస్తాం. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ విషయం చెప్పండి, ఆపాలో వద్దో కిడ్నీ పరీక్ష చూసి చెప్తారు, మీ అంతట మీరు ఆపించకండి. రొయ్యలు, చేపలు పడనివాళ్లకు ఈ డై పడదన్నది అపోహ. ఇంతకుముందు ఇదే డైకి దద్దుర్లు వచ్చాయా, ఆస్తమా ఉందా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు ఉందా అన్నవి మాత్రం తప్పక చెప్పాలి. నెలసరి తప్పి ఉంటే అది అన్నిటికంటే ముందు చెప్పాలి.

మందు ఎక్కేటప్పుడు గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది, తెలియకుండా మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. అర నిమిషంలో తగ్గిపోతుంది. ఇది ముందే చెప్పకపోతే చాలామంది ఆడవాళ్లు సిగ్గుతో, భయంతో బిగుసుకుపోతారు, ఊపిరి బిగపట్టమన్నప్పుడు పట్టలేరు, బొమ్మ చెడుతుంది. అక్కకు ఇంట్లోనే చెప్పి ఉంచండి, పది సెకన్లు ఊపిరి బిగపట్టడం రెండు రోజులు అలవాటు చేయించండి. ఆ రోజు కాఫీ, టీ వద్దు, మంచినీళ్లు తాగవచ్చు. గుండె వేగం తగ్గించడానికి అక్కడ మాత్ర ఇవ్వవచ్చు, ఆస్తమా ఉంటే అందుకే ముందుగా చెప్పమంటున్నాను.

రేడియేషన్ విషయంలో దాచవలసిందేమీ లేదు, ఉంటుంది. గుండె ఒక దశలో మాత్రమే బొమ్మ తీసే పద్ధతిలో సాధారణంగా 2 నుంచి 5 మిల్లీసీవర్ట్‌ల దాకా ఉంటుంది. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏటా సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. గుండె స్పందన మొత్తాన్ని తీసే పద్ధతిలో ఇది 10 దాటవచ్చు, మీ అక్కకు సాధారణంగా అంత అవసరం రాదు. ఈ ఒక్క పరీక్షతో తేలే విషయం ముందు ఆ ప్రమాదం చాలా చిన్నది. ఏటేటా మళ్లీ మళ్లీ చేయించుకోవలసిన పరీక్ష కాదన్నది కూడా అంతే నిజం.

యాంజియోగ్రామ్ విషయంలో మీరు పొరబడుతున్నారు. గొట్టం పంపి చేసే ఆ పరీక్ష గదుల్లో ఒత్తిడిని, ఎక్కడెక్కడ రక్తంలో ఆక్సిజన్ పెరుగుతోందో కొలుస్తుంది. సీటీ ఆ రెండూ కొలవలేదు. సీటీ చూపించేది నిర్మాణం. అందుకే సీటీ ముందు, అవసరమైతే ఒత్తిళ్ల కోసం గొట్టం పరీక్ష తర్వాత. గొంతులోంచి చేసే ఎకో కూడా ఈ రంధ్రాన్ని బాగా చూపిస్తుంది, కానీ సిరలన్నిటినీ చివరిదాకా చూపలేదు. ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు, ఏ వైపు ఎంత రక్తం పోతోందో లెక్క కట్టి చెప్తుంది. అది మీకు అందుబాటులో ఉండి, డాక్టరు దానివైపు మొగ్గితే కాదనకండి.

ఇలాంటి సందేహంతోనే దీన్ని చదివే మిగతావాళ్ల కోసం కొద్దిగా. గుండె నుంచి శరీరానికి రక్తం మోసే పెద్ద నాళమైన బృహద్ధమని కవాటానికి మూడు రేకులు ఉండవలసింది రెండే ఉండడం నూటికి ఒకరిద్దరిలో కనిపిస్తుంది, వాళ్లలో చాలామందికి బృహద్ధమని కూడా వెడల్పవుతుంది. ఆ వెడల్పును నాళానికి సరిగ్గా అడ్డంగా కోసి కొలవడంలో సీటీకి సాటి లేదు. పెద్దవయసులో గట్టిపడిన కవాటాన్ని తొడ నాళం ద్వారా మార్చే చికిత్సకు ముందు సీటీ లేకుండా కవాటం సైజు నిర్ణయించరు. కరోనరీ ధమని తప్పుడు చోట పుట్టి బృహద్ధమనికీ పుపుస ధమనికీ మధ్య నుంచి పోయే తేడా, పోలీసు ఉద్యోగాల పరుగు పందేలకు సాధన చేసే వయసు పిల్లలు ఉన్నట్టుండి కుప్పకూలడానికి ఒక కారణం. పరుగెత్తుతూ స్పృహ తప్పిన కుర్రవాడికి ఎండ దెబ్బ అని సరిపెట్టకండి. మన ప్రాంతంలో ఇంకా చూస్తున్నది క్షయ తర్వాత గుండె చుట్టూ పొర గట్టిపడడం. మామూలుగా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండని పొర నాలుగు దాటి, సున్నం పెంకులా పట్టేస్తుంది. కడుపు, కాళ్లు ఉబ్బితే లివరు జబ్బు అనుకుని తిరుగుతుంటారు. సీటీలో ఆ పెంకు తెల్లగా మెరుస్తూ కనబడుతుంది. కీళ్లవాత జ్వరంతో దెబ్బతిన్న కవాటాలకు మాత్రం ఎకోనే ప్రధానం, వాటికి సీటీ కోసం పరుగెత్తవద్దు.

మీ అక్కకు నేను అనుకుంటున్నదే తేలితే, తర్వాతి దారి స్పష్టంగా ఉంది. ఈ రకం రంధ్రాన్ని గోడ నడుమ రంధ్రాలకు పెట్టే గొడుగు లాంటి పరికరంతో మూయలేరు, అంచు దొరకదు. ఆపరేషన్‌లో సిర రక్తాన్ని ఎడమ కర్ణికకు మళ్లించి రంధ్రాన్ని మూస్తారు. సిర బాగా పైన కలుస్తుంటే పై మహాసిరను కోసి, కుడి కర్ణికకు అంటి ఉండే చెవి లాంటి సంచికి కలిపే వార్డెన్ పద్ధతి వాడతారు. ఎంపిక చేసిన కొందరిలో ఆపరేషన్ లేకుండా పైన తొడుగు ఉన్న స్టెంటుతో సరిచేయడం ఇప్పుడు సాధ్యమవుతోంది, అందులో కొలతలన్నీ సీటీ నుంచే తీసుకుంటారు. ఊపిరితిత్తులకు పోయే రక్తం శరీరానికి పోయేదానికంటే ఒకటిన్నర రెట్లు దాటి, ఒత్తిడి ఇంకా అదుపులో ఉంటే సరిచేయడం మంచిది. ఒత్తిడి మరీ పెరిగిపోయాక మూస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. అందుకే వాయిదా వేయవద్దంటున్నాను.

ఒకవేళ రంధ్రం, సిర రెండూ లేవని తేలినా సీటీ వృథా కాదు. పుపుస ధమనుల్లో పాత రక్తపు గడ్డలు, ఊపిరితిత్తుల జబ్బు కూడా అదే బొమ్మల్లో కనబడతాయి. వెతుకులాట అటువైపు సాగుతుంది.

చికిత్స కోసం తిరుపతిలో స్విమ్స్ ఉంది, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దగ్గరే. ఎక్కడికి వెళ్లినా పుట్టుకతో వచ్చే గుండె లోపాలకు పెద్దవాళ్లలో ఆపరేషన్లు చేసిన బృందం ఉందా అని అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేమి వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే తెలుసుకోండి. సీటీ అయ్యాక రిపోర్టు కాగితం, ఫిల్ములు చాలు అనుకోకండి, మొత్తం పొరలున్న సీడీ అడిగి తీసుకోండి. సర్జన్‌కు కావలసింది అదే. అది లేకపోతే కొత్త చోట మళ్లీ సీటీ, మళ్లీ డై.

తోబుట్టువులుగా మీరు కూడా సీటీ చేయించుకోవాలా అని చివర్లో అడిగారు. అక్కరలేదు. మీకు, అక్క పిల్లలకు ఒకసారి ఎకో చేయిస్తే సరిపోతుంది. అక్కకు ఏం తేలిందో, ఏ చోట అనుమానమో ఎకో చేసే డాక్టరుకు చెప్పి మరీ చేయించండి.